అడగడంలోని పనితనం

తాండూరు బండకు పాలిష్ పడితే ఆ పనితనం ఎవరికైనా కనబడుతుంది. ముట్టునొప్పితో వచ్చిన పిల్లకు మంచి డాక్టరమ్మ చేసే పని కనబడదు. కత్తి లేదు, సూది లేదు, చాలాసార్లు స్కానింగ్ కూడా అక్కర్లేదు. ఉన్నదంతా నాలుగైదు ప్రశ్నలు, వాటిని అడిగే వరస. వికారాబాద్, తాండూరు వైపు ఓపీల్లో నాకు ముచ్చటేసేది ఆ వరసే.

ఇంటర్ చదివే పిల్ల తల్లితో వస్తుంది. ఏది అడిగినా తల్లే జవాబు చెబుతుంది. డాక్టరమ్మ ముందు చేసే పని, ఏదో చీటీ రాయించుకు రమ్మని తల్లిని బయటికి పంపడం. చికిత్స అక్కడే మొదలైందంటాను.

"పెద్దమనిషైనప్పటి సంది నొస్తుందా బిడ్డా?"

"లేదు మేడం. మొదట్ల లేకుండె. ఏడాది దాటినంక షురూ అయింది."

"బ్లీడింగ్ కంటె ముందొస్తదా, అయినంకనా?"

"గంట ముందు. రెండో రోజుకు తగ్గుతది."

"వాంతులు, మోషన్లు?"

"రెండూ అయితయి."

వ్యాధి నిర్ణయం దాదాపు అయిపోయినట్టే. రజస్వల అయిన కొత్తలో చాలా నెలలు అండం విడుదల కాదు, అందుకే అప్పుడు నొప్పి ఉండదు. అండం విడుదల కావడం మొదలయ్యాక, ముట్టు వేళకు గర్భసంచి లోపొర ప్రొస్టాగ్లాండిన్లనే రసాయనాలను గుప్పిస్తుంది. అవి గర్భసంచి కండరాన్ని పిండేస్తాయి, దానికి వెళ్లే నెత్తురు తగ్గుతుంది, నొప్పి పుడుతుంది. అవే పేగుల దాకా పోతే మోషన్లు. వాంతుల సంగతి అడిగింది ఊరికే కాదు. ముట్టు స్రావంలోనే కండరాన్ని బిగించే పదార్థం ఉందని బ్రిటన్‌లో పికిల్స్ అనే పరిశోధకుడు 1957లో 'నేచర్'లో రాశాడు. అంతవరకు ఈ నొప్పిని ఆడవాళ్ల మనోభ్రమగా కొట్టిపారేసిన వైద్యులకు కొదవలేదు. ఆస్పిరిన్ జాతి మందులు ఈ ప్రొస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతాయని జాన్ వేన్ 1971లో చూపించాడు.

మందు వేళలో ఉన్న మెలకువ ఇక్కడే తెలుస్తుంది. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ లాంటివి ఉన్న నొప్పిని చెరిపేయడం కన్నా, రాబోయేదాన్ని ఆపడంలో గట్టివి. నొప్పి ముదిరాక వేసుకుంటే సగం పనే చేస్తాయి. అందుకే మొదటి లక్షణానికే వేసుకుని, రెండు మూడు రోజులు డాక్టరు చెప్పిన వేళకే వేసుకోమంటారు. ఒక్క షరతు: తిన్నాకే. తెల్లారకముందే కందిచేనుకు పోయే మనిషి పరగడుపున మింగితే కడుపులో పుండు కొనితెచ్చుకున్నట్టే. అల్సర్, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మెడికల్ షాపులో అడిగి కొనేసుకోకూడదు. మెఫెనమిక్ యాసిడ్‌తో అరుదుగా జ్వరం, ఒంటినిండా దద్దు, అవయవాలు దెబ్బతినే తీవ్రమైన అలర్జీ వస్తుందని 2023 చివర్లో భారత ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది.

కాపడం మన అమ్మమ్మల మందు. 2001లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో పొత్తికడుపు మీద సుమారు 39 డిగ్రీల వేడిపట్టీ ఐబుప్రొఫెన్‌కు తీసిపోలేదు. సలసల కాగే నీళ్లక్కర్లేదు. గోరువెచ్చని దానికన్నా కాస్త ఎక్కువ, గుడ్డ చుట్టి, ఎక్కువసేపు.

ఈ ప్రశ్నలే ముప్పై దాటిన మనిషిని అడిగితే జవాబులు తిరగబడవచ్చు. నొప్పి ఈ మధ్యే మొదలైంది, ఏటికేడు పెరుగుతోంది, ముట్టు ఆగినా పోవడం లేదు, కలయికలోనో విరేచనం వేళో పొడుస్తోంది. అప్పుడు అనుమానం ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపొర లాంటిది బయట పెరగడం) మీదికో, గర్భసంచి గడ్డల మీదికో, అడినోమయోసిస్ (ఆ పొర గర్భసంచి కండరంలోకి చొరబడడం) మీదికో, ఇన్ఫెక్షన్ మీదికో పోవాలి. స్కాన్ బాగుందన్న మాట ఎండోమెట్రియోసిస్ లేదని రుజువు కాదు.

అడగడం చేతకాని చోట ఏమవుతుందో మన రాష్ట్రాలకు బాగా తెలుసు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2015–16) ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. వాళ్లందరికీ అది అనవసరమనడం లేదు. కానీ "కడుపునొస్తుంది" అన్న మాటకు "తీసేద్దాం" అన్నదే మొదటి జవాబైతే, మధ్యలో అడగాల్సిన ప్రశ్నలన్నీ ఎవరో మింగేశారన్నమాట.

తల్లి చీటీతో తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ పిల్లకు ఒక పని అప్పజెప్పి ఉంటుంది: మూడు నెలల తేదీలు, నొప్పి మొదలైన గంట, మాత్ర వేసుకున్న గంట క్యాలెండర్ మీద రాసుకురావాలి. అప్పటికీ నొప్పి లొంగకపోతే హార్మోన్ మాత్రలు, ఆ తర్వాత లోతైన పరీక్షలు.