ఇష్టము లేని వంట: ఒక అమెరికా పాకగ్రంథ విమర్శ

పాకగ్రంథములను సాహిత్యవిమర్శకులు చేతబట్టుట యరుదు. వానిని వంటయింటి గూటిలో నుంచుకొని, నూనెమరకలు పడనిచ్చి, పుటలు చినిగిన పిమ్మట మరచిపోవుట లోకాచారము. కాని యొక జాతి తన యాడువారినుండి ఏమి కోరుచున్నదో తెలిసికొనగోరువారికి ఆ జాతి కావ్యములకన్న దాని పాకగ్రంథములే యొక్కొక్కప్పుడు సూటిగా నిజము చెప్పును. అట్టి గ్రంథమొకటి 1960వ సంవత్సరమున అమెరికాలో వెలువడినది. దాని పేరు "ది ఐ హేట్ టు కుక్ బుక్". వంట చేయుట నాకు గిట్టదని చెప్పువారి వంటపుస్తకమని యర్థము. రచయిత్రి పెగ్ బ్రాకెన్. ముప్పదిలక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయిన యీ పుస్తకమును ఏబదియేండ్లు నిండినపుడు, 2010లో, మరల అచ్చువేసిరి. మేము దీనిని రెండుసార్లు చదివితిమి. మొదటిసారి నవ్వుకొంటిమి. రెండవసారి ఆ నవ్వు వెనుకనున్న అలసట కనబడినది. ఆ రెండవ పఠనమును గూర్చియే యీ నాలుగు మాటలు.

గ్రంథము పుట్టిన కాలమును ముందుగా తలచుకొనవలయును. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా స్త్రీలు లక్షలకొలదిగా కార్ఖానాలలో విమానములకు చీలలు బిగించిరి, ఓడలకు అతుకులు వేసిరి. 1945లో యుద్ధము ముగిసెను. పురుషులు తిరిగివచ్చిరి. స్త్రీలలో అనేకులను ఆ పనులనుండి తొలగించిరి. తరువాతి పదునైదేండ్లును పత్రికలు, ప్రకటనలు, క్రొత్తగా వచ్చిన టెలివిజన్ కలసి వారికి ఒక్క పాఠమునే వల్లించినవి: ఇల్లే నీ రాజ్యము, పొయ్యియే నీ సింహాసనము. 1959 జూలై 24వ తేదీన మాస్కో నగరమున జరిగిన అమెరికా ప్రదర్శనలో ఉపాధ్యక్షుడు నిక్సన్ సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్‌తో మాదిరి వంటయింటి ముందర నిలిచి వాదించెను. స్త్రీల శ్రమను తగ్గించు యంత్రములను జూపి తన దేశపు గొప్పతనమును చాటుకొనెను. రెండు మహారాజ్యముల పోటీకి వంటయిల్లు సాక్షియైనది. ఆ వంటయింట దినమునకు మూడుమారులు నిలుచుండు మనిషిని మాత్రము ఇరువురిలో నెవ్వరును పిలిచి యడుగలేదు.

ఆ మనిషి పక్షమున మాటలాడుటకు అప్పటికే యొక స్త్రీ యుండెను. ఆమె పేరు బెట్టీ క్రాకర్. 1945లో "ఫార్చ్యూన్" పత్రిక అమెరికాలో నెలనార్ రూజ్వెల్టు తరువాత మిక్కిలి ప్రసిద్ధురాలైన స్త్రీ యామెయే యని ప్రకటించెను. విశేషమేమనగా, బెట్టీ క్రాకర్ అను స్త్రీ లోకమున నెన్నడును పుట్టలేదు. 1921లో మినియాపొలిస్ నగరపు పిండిమరల సంస్థ యొకటి చిక్కుబొమ్మ పోటీ పెట్టగా, సమాధానములతోపాటు రొట్టెలను, కేకులను గూర్చిన సందేహములు కుప్పలుగా వచ్చిపడినవి. బదులు వ్రాయుటకు ఆడుపేరైన బాగుండునని వారు తలచిరి. పనినుండి విరమించిన యొక డైరెక్టరు ఇంటిపేరు "క్రాకర్". దానికి ముందు "బెట్టీ" యను ముద్దుపేరు చేర్చిరి. కార్యాలయములోని యుద్యోగిని యొకతె చేవ్రాలును ఆమె సంతకముగా నిర్ణయించిరి. 1924లో ఆమెకు రేడియోలో కంఠము వచ్చినది. 1936లో ముఖచిత్రము వచ్చినది. 1950లో ఆమె పేర పెద్ద బొమ్మల పాకగ్రంథమే వెలువడినది. మనము గృహిణిని అన్నపూర్ణ యని పొగడుదుము. అమెరికావారు పిండి సంచుల నమ్ముటకు దేహములేని అన్నపూర్ణను సృష్టించుకొనిరి. ఆమెకు తలనొప్పి రాదు, బిడ్డలేడ్వరు, సాయంకాలమున కాళ్లు లాగవు. వంటయన్న నామెకు విసుగు లేకపోవుటలో వింత లేదు. విసుగుటకు ఆమెకు ప్రాణమే లేదు.

పెగ్ బ్రాకెన్‌కు ప్రాణము కలదు. ఆమె 1918లో ఐడహో రాష్ట్రమున పుట్టి, పోర్ట్‌లాండ్ నగరమున ప్రకటనలు వ్రాయు నుద్యోగము చేసినది, 2007లో మరణించినది. బెట్టీ క్రాకర్‌ను పోషించిన ప్రకటనల వృత్తియే ఈమెకు జీవనాధారమగుట గమనింపదగినది. ఆ మాటల గారడి లోగుట్టు తెలిసినందుననే కాబోలు, దానిని చెదరగొట్టు మాటలును ఈమెకు తెలిసినవి. గ్రంథమునకు మూలము ఒక స్నేహితురాండ్ర కూటమి. ఉద్యోగములు చేసికొనుచు, మధ్యాహ్నమున కలసి భోజనము చేయు ఆ స్త్రీలు, రాత్రికి ఇంట నేమి వండవలెనన్న బెంగను పంచుకొని, తమకు తెలిసిన సులభపు వంటకములను ఒకచోట చేర్చిరి. వ్రాతప్రతిని చదివిన భర్త బాగులేదనెనట. ఆరుగురు పురుష సంపాదకులు వరుసగా త్రిప్పిపంపిరి. తుదకు హార్కోర్ట్ బ్రేస్ సంస్థలోని యొక స్త్రీ సంపాదకురాలు దానిని గ్రహించెను. వంట గిట్టని స్త్రీ యుండునా యని పురుషులు సందేహించిరి. స్త్రీకి ఆ సందేహము కలుగలేదు. ఈ చిన్న చరిత్రయే గ్రంథమునకు సరియైన పీఠిక.

ఇక గ్రంథపు గుణములు. మొదటి గుణము దాని శీర్షికలోని "నేను". పాకగ్రంథముల భాష సామాన్యముగా విధివాక్యముల భాష: ఇది కొలువుము, అది కలుపుము, పొయ్యిమీద నుంచుము. ఆజ్ఞాపించువారెవరో తెలియదు, విని చేయవలసినది మాత్రము ఇల్లాలు. బ్రాకెన్ ఆ యాజ్ఞల నడుమ నొక మనిషిని నిలిపినది. వంటకపు విధానము చెప్పుచు చెప్పుచు నడుమ నిట్టూర్చును, పరిహాసమాడును. "స్టేయబెడ్ స్ట్యూ" అను కూర పేరునకు పడకమీదనుండి లేవనక్కరలేనిదని యర్థము. మాంసమును, కూరగాయలను, డబ్బాలోని టమాటా సూపును ఒక పాత్రలో చేర్చి, సన్నని సెగను పొయ్యిలో పెట్టి గంటలకొలది మరచిపోవుటయే విధానము. "స్వీప్ స్టేక్" అనుదానికి మాంసముమీద ఉల్లిసూపు పొడి చల్లి, రేకుకాగితమున చుట్టి పొయ్యిలో పెట్టిన చాలును. రుచిని గూర్చి తీర్పు చెప్పుటకు మేము తగము. శాకాహారులమైన మాకు ఆ వంటకములలో నోరూరించునవి తక్కువ. అయినను ఆ పేర్లలోని సత్యము మాకు రుచించినది. దినమంతయు నిలుచున్న స్త్రీ కోరునది పడకయే యని ఏ పాకశాస్త్రకర్త యింతకుముందు ఒప్పుకొనెను?

రెండవ గుణము విందులను గూర్చిన అధ్యాయములలో నున్నది. మధ్యతరగతి యింట అతిథులను పిలుచుట యాకాలమున కేవలము స్నేహము కాదు; అది యొక పరీక్ష. భర్త యజమాని భార్యతో వచ్చును. బల్లగుడ్డ మొదలు చివరి తీపి వంటకము వరకు ఇల్లాలి యోగ్యతకు మార్కులు పడును. వారు మనలను పిలిచిరి గనుక మనము వారిని పిలువవలె నను లెక్క యొకటి యెప్పుడును మెదలుచుండును. ఆడువారే కూడు మధ్యాహ్నభోజనమున నైనను ఒకరిని మించవలెనని యొకరు వింతవంటకములు చేయుదురు. అందరును తలా యొక పదార్థము తెచ్చు ఉమ్మడివిందులో తెలివిగలది మిక్కిలి సులభమైనదానిని ముందుగానే తన వంతు చేసికొనును. వంటరాకున్నను వచ్చినట్లు మాటలాడుట యెట్లో బోధించు అధ్యాయము కూడ కలదు. బ్రాకెన్ వీనిని చూచి నవ్వుచున్నప్పుడు మాకు మన పేరంటములును, బంతిలో వడ్డించినవారి పేర్లు గాక వండినవారి లోపములే చెప్పుకొను మన పెండ్లిండ్లును తలపునకు రాక మానలేదు. ఆతిథ్యము ఎప్పుడు పోటీ యగునో అప్పుడే దానిలోని ప్రీతి యావిరియగునని ఈమె ఉపన్యాసము లేకయే చెప్పినది.

దోషములను దాచుట విమర్శ కాదు. మొదటిది: ఈ గ్రంథము వంట ఎట్లు త్వరగా ముగియునో చెప్పినదే గాని, ఆ వంట ఎవరిదని యడుగలేదు. గిట్టనివారికి త్రోవ చూపినది. గిట్టకున్నను చేసితీరవలెనన్న కట్టుబాటును మాత్రము ముట్టలేదు. భర్త ఈ పుటలలో తినుటకే వచ్చును. తలుపు తీయకుండ పంజరమునే కొంచెము సుఖముగా నమర్చినట్లున్నది. మన భాషలో "వంటయింటి కుందేలు" అను మాట కలదు; ఎచ్చటికిని పోలేని ప్రాణి యని భావము. ఇందలి కుందేలు చక్కగా హాస్యమాడును, కాని బయటికి దుముకదు.

రెండవది: మిగిలిన కాలమును, చెల్లిన ధనమును ఎవరు పొందిరి? డబ్బాసూపు, పొడిసూపు, శీతలపెట్టెలోని కూరగాయలు లేక ఈ వంటకములలో అనేకములు నిలువవు. తరువాతి కాలమున బ్రాకెన్ స్వయముగా బర్డ్స్ ఐ సంస్థవారి గడ్డకట్టిన కూరగాయలను టెలివిజన్‌లో ప్రకటించినది. బెట్టీ క్రాకర్ వంటను ప్రేమించుమని పిండి నమ్మినది. బ్రాకెన్ వంట గిట్టదని కూరగాయల నమ్మినది. వర్తకునకు స్త్రీ ప్రేమయైనను విసుగైనను సరుకే.

మూడవది: మరియొకరి యింట కూలికి వంటచేసి, తన యింటికి పోయి మరల పొయ్యి రాజేసిన స్త్రీ ఇందు కనబడదు. ఆనాటి అమెరికా దక్షిణరాష్ట్రములలో నల్లజాతి స్త్రీలు ఎందరో అట్టి బ్రతుకు బ్రతికిరి. వారికి వంట గిట్టెనో లేదో యడిగినవారు మరింత తక్కువ. హాస్యమాడుటకును కొంత తీరిక వలయును. ఆ తీరిక అందరికి సమముగా దక్కలేదు.

యంత్రములు, డబ్బాలు వచ్చిన పిమ్మట పని తగ్గలేదా యని మా పాఠకురాండ్రు ప్రశ్నింపవచ్చును. జోవాన్ వానెక్ అను పరిశోధకురాలు 1974లో "సైంటిఫిక్ అమెరికన్" పత్రికలో దీనికి బదులు చెప్పినది. బయటి యుద్యోగము లేని అమెరికా గృహిణి 1924 ప్రాంతమున వారమునకు సుమారు 52 గంటలు ఇంటిపని చేయుచుండగా, 1960 తరువాతి దశకమున సుమారు 55 గంటలు చేయుచుండెను. నీళ్లకుళాయి వచ్చెను, బట్టలుతుకు యంత్రము వచ్చెను; గంటలు మాత్రము తగ్గలేదు. బట్టలు మరింత తరచుగా ఉతుకవలసివచ్చెను, అంగడికి మరింత తరచుగా పోవలసివచ్చెను. పని త్వరపడినకొలది దాని ప్రమాణము పెరిగినది. కావున త్వరగా వండుట నేర్పిన గ్రంథమొక్కటియే స్త్రీకి విడుదల తేజాలదని మేము నమ్ముచున్నాము. గిన్నె మారినంతమాత్రమున గరిటె పట్టు చేయి మారదు.

ఇంతమాత్రముచేత నీ గ్రంథమును త్రోసివేయుదుమా? అట్లు చేసిన అన్యాయమగును. మూడేండ్లకు, 1963లో, బెట్టీ ఫ్రీడన్ "ది ఫెమినైన్ మిస్టిక్" ప్రకటించినది. తనతో కళాశాలలో చదివిన స్త్రీలను 1957లో ప్రశ్నించి, సుఖముగా నున్నట్లు కనబడు గృహిణుల లోపలి వెలితిని ఆమె బయటపెట్టినది. ఆమె వాదించినది, బ్రాకెన్ నవ్వించినది. కాని వాదము విను చెవి యేర్పడుటకు ముందు, ఈ బాధ నా యొక్కదానిదే కాదను ధైర్యము కలుగవలెను. ముప్పదిలక్షల ప్రతులు కొన్నవారిలో అనేకులకు ఆ ధైర్యము ఒక హాస్యపు పుట ద్వారా కలిగియుండునని మా యూహ. తప్పుచేసినట్లు దాచుకొన్న మాటను పుస్తకపు అట్టమీదనే అచ్చొత్తించుట చిన్న పని కాదు.

మరియొక పోలిక చెప్పి ముగింతుము. 1961లో జూలియా చైల్డ్ మరి యిద్దరు స్త్రీలతో కలసి ఫ్రెంచివంటలమీద మహాగ్రంథము వెలువరించినది. ఆమెకు వంట కళ, ఉత్సాహము, జీవితవ్యాసంగము. పైకి బ్రాకెన్, చైల్డ్ పరస్పర విరోధులవలె కనబడుదురు. మా దృష్టిలో వారిరువురు ఒకే సత్యమునకు రెండు ప్రక్కలు. వంట గిట్టదని చెప్పుట కవకాశము లేనిచోట, వంట ప్రియమని చెప్పు మాటకును విలువ లేదు. అది నిర్బంధమో ప్రీతియో తేల్చుటకు వీలులేదు. చైల్డ్ ప్రేమ ప్రేమగా నిలువవలెనన్న బ్రాకెన్ విసుగు పలుకుటకు చోటుండవలెను.

మన యిండ్లలో ఆ చోటున్నదా? భోజనము చేసి లేచునపుడు ఉప్పు తక్కువైనదని చెప్పుటకు మనకు నోరు వచ్చును. వండినవారికి నేడు వండుట ఇష్టముగా నుండెనా యని అడుగుటకు నోరు రాదు. ఈ పాకగ్రంథమునుండి మన పాఠకులు గ్రహింపదగిన వంటక మేదియు మాకు కనబడలేదు. ఈ ప్రశ్న యొక్కటి కనబడినది. దానిని పురుషులు ఈ రాత్రియే తమ యింట అడిగి చూతురు గాక. బదులు వినిన పిమ్మట, ఊరక కూర్చుండక, విస్తరి తామే యెత్తుదురు గాక.