లేపాక్షి కప్పుమీది కన్నులు

ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానకు మాత్రమే నోచుకొన్న అనంతపురపు పీఠభూమిలో, హిందూపురమునకు పదిహేను కిలోమీటర్ల దూరమున, తాబేటి వీపువలె ఉబ్బిన కూర్మశైలమను రాతిగుట్టమీద, విజయనగరపు చిత్రకారులు అద్దిన రంగులు నేటికిని నిలిచియున్నవి. అచ్యుతదేవరాయల యేలుబడిలో (1529–1542) పెనుగొండ సీమ అధికారియైన విరూపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు ఈ లేపాక్షి వీరభద్రాలయమును కట్టించిరి. చూడవచ్చువారిలో పలువురు నేలకానని స్తంభము క్రింద గుడ్డ దూర్చి చూచి, సంతోషించి మరలిపోవుదురు. కప్పువంక తలయెత్తువారు తక్కువ.

తలయెత్తినచో మొదట కంటబడునది రంగు కాదు, గీత. గరుకురాతిమీద సున్నమును ఇసుకను కలిపిన గచ్చు పూసి, నున్నచేసి, దానిమీద ఆకృతులను రేఖలతో కట్టి, ఆ రేఖల నడుమ ఎర్రకావి, పేవుడి, మసినలుపు, సున్నపు తెలుపు, ఒకింత పసరువన్నె నింపిరి. వెలుగునీడల మాయ ఇచట లేదు. ముక్కు మొనయు, కుచ్చెళ్ల వంపును, వేలికొసల నాజూకును రేఖయే మోయవలెను. పక్కకు తిరిగిన ముఖములో పెద్దగా తెరచిన కన్ను ఆ ముఖమునకంతటికిని ప్రాణము. మగవారి తలలపై ఎత్తైన కుళ్లాయిలు, స్త్రీల చీరలపై గళ్లు, లతలు, హంసలు. పురాణస్త్రీలు సైతము ఆనాటి కొలువునకు వచ్చిన ఇల్లాండ్రవలెనే కట్టుకొని నిలిచిరి. ద్రౌపదీస్వయంవరమైనను, పార్వతీకల్యాణమైనను చూచువాడు తన కాలపు దర్బారునే చూచును. ఏనాటిదో యైన కథకు నేటి వేషము తొడుగుట అమాయకత్వమని కొందరందురు గాని, నాకట్లు తోచదు. పాలించువారి ఠీవికి పురాణమంత వయస్సు కల్పించు నేర్పు అది.

వీరభద్రుని మహాచిత్రము సుమారు 24 అడుగుల పొడవున కప్పునంతయు ఆక్రమించినది. దేవుని సన్నిధిలోనే, గుడి కట్టించిన సోదరులు పరివారసమేతులై కులదైవమును కొలుచుచు కానవత్తురు. తిరుమలలో కృష్ణదేవరాయలు ఇరువురు దేవేరులతో కూడి, చేతులు జోడించి లోహమూర్తియై నిలిచినదియు ఈ పద్ధతియే. భక్తుడు దేవునికి వంగినాడు, నిజమే. అయితే ఆ వంగినవానిని చూడవలెనన్న ప్రజ మెడ వెనుకకు వాల్చి పైకి చూడవలెను.

అన్నిటికంటె ఆలోచింపజేయునది మనునీతిచోళుని కథ. రాకుమారుని రథము క్రింద దూడ నలిగి చచ్చినది. తల్లియావు వచ్చి న్యాయగంట మ్రోగించినది. రాజు తన కొడుకునే రథచక్రము పాలుచేయ సిద్ధపడెను. ఈ కథ కావేరీతీరపు చోళులది. దానిని కరవుసీమలోని విజయనగరపు గుడికి ఎందుకు తెచ్చుకొనిరి? ధర్మము మా పాలనలోను అట్టిదేయని చెప్పుకొనుటకే యని నా ఊహ. మనదికాని గతమును మనదిగా చేసికొనుటలో చిత్రకారునిమించిన మంత్రి లేడు.

ఇక గోడ దగ్గరకు రండు. అసంపూర్ణముగా నిలిచిన కల్యాణమండపము దాపున రెండు ఎర్రని మరకలు చూపుదురు. విరూపణ్ణ రాజానుమతి లేక ఖజానా సొమ్మును గుడికి వెచ్చించెననియు, కన్నులు తీయుడని రాజాజ్ఞ కాగా, తానే వానిని పెరికి గోడకేసి కొట్టుకొనెననియు కథ. లేపాక్షి శాసనములు దేవునికిచ్చిన ఊళ్లను, దానములను పేర్కొనును. కన్నుల మాట జనుల నోటిదే. దానిని చరిత్రగా నేను నమ్మను. అయినను అది ఎక్కడ పుట్టినదో చూడుడు: కన్నకొడుకునైనను క్షమింపని న్యాయమూర్తియగు రాజు పైకప్పున, కొలువులోని నమ్మకస్తునకు కన్నులు లేకుండచేసిన రాజు క్రింద గోడమీద. ఖజానా యనగా తమ గింజ, తమ పన్ను అని ఎరిగిన రైతుబిడ్డలు ఏలికను వెనకేసుకొని రాలేదు. గుడి కట్టినవానిని దొంగయనియు అనలేదు. చిత్రకారుడు గీయని బొమ్మనొకదానిని తామే గోడమీద కనిపెట్టి, నాలుగువందల యేండ్లకు పైబడిన గుడికి దానిని తగిలించిరి.

రంగుల వారసత్వము మాత్రము మరొక దారిన బ్రతికినది. కప్పుమీది చీరల అంచులను, లతలను ధర్మవరపు నేతగాండ్రు పట్టుమీదికి దింపుకొనిరి. ఆ అంచుల చీరలను పెండ్లిండ్లకు కొనువారు నేటికిని కలరు. ఆ చీర మొదట కట్టినది ఏ కొలువుదీరిన స్త్రీయో కొనువారు అడుగరు, అమ్మువారు చెప్పరు.

కప్పుమీద గచ్చు పెళ్లలుగా రాలిన చోట్లు పెక్కు కలవు. కొన్ని ముఖములలో కన్ను మాత్రమే మిగిలినది. లేపాక్షికి పోవువారు గోడమీది మరకలను తడుముటకు ముందు ఒక్క గడియ ఆ కప్పు క్రింద నిలిచి, విరూపణ్ణ కన్ను తెరచి యున్నదో లేదో చూచి రావలెనని నా మనవి.