సాక్షి, కథకుడు, పక్షధారి: జహారి స్టొయానోవ్ ‘స్మృతులు’

పందొమ్మిదో శతాబ్దపు బల్గేరియా గద్యంలో ముఖ్యమైన గ్రంథాలలో ‘బల్గేరియా తిరుగుబాట్ల స్మృతులు’ ఒకటి. రచయిత జహారి స్టొయానోవ్ (1850–1889). మూడు సంపుటాలలో మొదటిది 1884లో, రెండోది 1887లో అచ్చయ్యాయి. మూడోది ఆయన మరణించాక 1892లో వెలువడింది. తిరుగుబాటులో పాల్గొన్నవాడే దాని చరిత్ర రాస్తే, ఆపైన అతడే ఒక రాజకీయ పక్షానికి నాయకుడైతే, ఆ రాతను ఎంతవరకు నమ్మవచ్చు? ఈ గ్రంథం చదివే విద్యార్థి ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇదే.

స్టొయానోవ్ మెద్వెన్ అనే పల్లెలో గొర్రెల కాపరుల ఇంట పుట్టారు. పల్లె బడి చదువు తప్ప పై చదువు లేదు. కొన్నేళ్లు దొబ్రుజా ప్రాంతంలో గొర్రెలు కాశారు. తరవాత డాన్యూబ్ ఒడ్డునున్న రుసె పట్టణంలో దర్జీ దగ్గర పని నేర్చుకున్నారు. అక్కడి పఠనమందిరంలోని పుస్తకాలే ఆయనకు కళాశాల. ఆ ఊళ్లోనే ఒట్టోమన్ పాలనకు వ్యతిరేకంగా పనిచేసే రహస్య సంఘంలో చేరారు. 1876 ఏప్రిల్ తిరుగుబాటులో గియోర్గి బెన్కోవ్‌స్కి ఆశ్వికదళంతో ఊరూరా తిరిగారు.

తిరుగుబాటు కొద్ది వారాల్లోనే అణగిపోయింది. తెతెవెన్ కొండల్లో బెన్కోవ్‌స్కి కాల్పులకు బలయ్యారు. మాటువేసిన సైనికుల ముందుకు ఆ కొద్దిమందిని నడిపించినవాడు ఒక గొర్రెల కాపరి. ఆ ద్రోహాన్ని గ్రంథస్థం చేసిందీ ఒకప్పటి గొర్రెల కాపరే. సామాన్య జనాన్ని దేవతలను చేయకుండా ఆయన కలాన్ని నిలిపింది ఈ అనుభవమే కావచ్చు.

‘స్మృతులు’ బలం ఇక్కడే ఉంది. చెర్రీ చెట్టు మొద్దులను తొలిచి, ఇనుప పట్టీలు బిగించి తిరుగుబాటుదారులు ఫిరంగులు చేసుకున్నారు. స్టొయానోవ్ ఆ పనిలోని ఉత్సాహాన్నీ చెబుతారు, హాస్యాస్పదమైన వైపునూ దాచరు. తన వాళ్ల భయం, ఆకలి, తగవులు, పట్టుబడ్డాక తాను ఎవరో దాచిపెట్టిన తీరు, అన్నీ రాస్తారు. తనకూ తన పక్షానికీ గౌరవం తేని సంగతులను కూడా చెప్పే సాక్షి మాటకు విలువ పెరుగుతుంది. గ్రంథానికి ఆయన పెట్టిన ఉపశీర్షిక ‘ప్రత్యక్షసాక్షుల కథనం’. ఇందులోని బహువచనం గమనించదగినది. తాను చూడని ఘట్టాలకు ఇతరుల సాక్ష్యాలను ఆయన సేకరించారు.

అయితే ఈ సాక్షి నిష్పక్షపాతి కాడు. ఊళ్లలోని సంపన్న పెద్దలను బల్గేరియాలో ‘చొర్బజీలు’ అనేవారు. వారిని గురించి రాసేటప్పుడు ఆయన వ్యంగ్యం చాలాచోట్ల తీర్పుగా మారుతుంది. వారి వాదనకు చోటు తక్కువ. రాజకీయ జీవితం సాగినకొద్దీ ఈ గుణం ముదిరింది. 1878 బెర్లిన్ ఒడంబడిక ప్రకారం సుల్తాను ఏలుబడిలో ఉండిపోయిన తూర్పు రుమేలియాను 1885లో బల్గేరియాతో కలిపిన ఉద్యమానికి ఆయన ముఖ్య నాయకులు. తరవాత రష్యా జోక్యాన్ని ఎదిరించిన వర్గంలో నిలిచి, జాతీయ సభకు అధ్యక్షులయ్యారు. 1888లో వెలువరించిన కవి హ్రిస్తో బోతెవ్ జీవితచరిత్రలో ఆనాటి కక్షల వేడి స్పష్టంగా తగులుతుంది. మరణించిన వీరుడిని బతికున్నవారి తగాదాలో సాక్షిగా నిలబెట్టినట్లుంటుంది. ఒకే రచయిత రెండు గ్రంథాలనూ ఒకే కొలతతో కొలవకూడదని నా అభిప్రాయం.

భాష విషయం వేరే చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చాక బల్గేరియా విద్యావంతులు చాలామంది తుర్కీ మాటలను ఏరివేసి, వాటి స్థానంలో రష్యన్, చర్చి స్లావోనిక్ మాటలు పెట్టసాగారు. స్టొయానోవ్ పాత్రలు మాత్రం సంతలోను, ఠాణాలోను వినిపించిన తుర్కీ మాటలతోనే మాట్లాడతాయి. ‘చొర్బజీ’ తుర్కీ మాటే. అది ఒట్టోమన్ సైన్యంలో ఒక అధికారి బిరుదు. క్రైస్తవ గ్రామపెద్దకు ఆ పేరు అంటుకోవడంలోనే ఆనాటి అధికార సంబంధాల చరిత్ర ఉంది. ఆ మాటను తీసేసి స్వచ్ఛమైన మాట పెడితే వాక్యం శుభ్రపడుతుంది, సాక్ష్యం పోతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో మాట్లాడుతూ పెరిగిన మన విద్యార్థులకు ఈ సంగతి సులభంగా బోధపడుతుంది.

అదే తిరుగుబాటును ఇవాన్ వాజొవ్ ‘కాడి కింద’ నవలలో చిత్రించారు. నవలలో ఘటనలను కథావసరానికి అమర్చుకునే స్వేచ్ఛ ఉంది. స్టొయానోవ్‌కు ఆ స్వేచ్ఛ లేదు. అందుకే ఆయన గ్రంథం నడకలో కొంత గతుకులమయం, ప్రస్తావనలు దారి తప్పుతుంటాయి. 1889లో పారిస్‌లో మరణించేనాటికి ఆయనకు నలభై ఏళ్లు నిండలేదు. ఎం. డబ్ల్యూ. పాటర్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1913లో లండన్‌లో వెలువడింది. ఆసక్తిగల విద్యార్థులు దానితో మొదలుపెట్టవచ్చు. చదివేటప్పుడు ప్రతి అధ్యాయంలోనూ ఒక్కటి గుర్తించండి: ఇది ఆయన కళ్లతో చూసిందా, ఇతరులు చెప్పగా విన్నదా, లేక ఆయన పక్షానికి కావలసిందా? ఈ మూడింటినీ విడదీయగలిగిన పాఠకునికే ఈ గ్రంథం చరిత్రగా ఉపయోగపడుతుంది.