ఎన్ని బిళ్ళలు మిగిలాయి?

"బీపీ బిళ్ళ రోజూ వేసుకుంటున్నారా?" అని అడగడం మానేశాను. మా చోడవరం చుట్టుపక్కల పల్లెల్లో ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఒక్కటే: "ఏసుకుంటన్నాను బాబూ." డాక్టరు ముందు కాదని అనలేక చెప్పే మాట అది. అందుకే ఇప్పుడు, "మధ్యలో తప్పిపోవడం అందరికీ ఉండేదే, పోయిన వారం మీకు ఎన్ని రోజులు తప్పింది?" అని అడుగుతున్నాను. మిగిలిన బిళ్ళలు చూపించమంటున్నాను. తిట్టరన్న నమ్మకం కుదిరాకే నిజం బయటికొస్తుంది.

తెలియక మానేసేవాళ్లు తక్కువ. "ఒళ్లు బాగానే ఉంది కదా" అని మానేసేవాళ్లే ఎక్కువ. బీపీ 140/90 దాటి ఏళ్లు గడిచినా చాలామందికి నొప్పీ ఉండదు, నలతా ఉండదు. బిళ్ళ వేసుకుంటే తెలిసే సుఖమూ లేదు. పైగా అమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి, ఎనలాప్రిల్‌తో కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. బాగున్న ఒంటికి మందే జబ్బు తెచ్చిందనుకుంటే తప్పు పట్టలేం. ఆ ఇబ్బంది చెబితే మందు మార్చొచ్చు. కానీ చెప్పేంత తీరిక మనం ఇవ్వాలి కదా! గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలకు కారణాలు ఆరా తీసిన అధ్యయనం 2006లో వెలువడింది. దాదాపు మూడో వంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. బీపీని పట్నం రోగమనుకునే కాలం ఎప్పుడో పోయింది.

చీటీ మీద "తిన్నాక" అని రాస్తే కార్తీక సోమవారం ఉపవాసమున్నవాళ్లు ఆ రోజు బిళ్ళ మానేస్తారు. అమ్లోడిపిన్‌కు తిండితో పని లేదని ఒక్క మాట చెబితే సరిపోతుంది. చెరకు నరికి, మోపులు మోసిన ఒళ్లు నొప్పులకు దుకాణంలో కొనే డైక్లోఫెనాక్ సంగతి వేరు. అది బీపీని పెంచుతుంది, కొన్ని బీపీ మందుల పనినీ తగ్గిస్తుంది. ఏ మందులు వాడుతున్నారని అడిగితే నొప్పి బిళ్ళను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. దాని గురించి విడిగా అడగాల్సిందే.

ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అంటే, మొత్తం మీద ఒక టీ చెంచా. చోడి అంబలిలో వేసే ఉప్పు, నంజుకునే ఊరగాయ, కూరలో ఎండుచేప అన్నీ అందులోకే వస్తాయి. మగవాళ్లకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు, వండేవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలి. అంబలి మానమని నేనెవరికీ చెప్పను. ఊరగాయ బదులు పచ్చి ఉల్లిపాయ నంజుకోమంటాను.

ఊళ్లోనే నెలకు సరిపడా బిళ్ళలు ఉచితంగా దొరికితే సగం కష్టం తీరినట్టే. కూలి పోగొట్టుకుని, బస్సెక్కి రావాల్సిన పని ఉండదు. కానీ ఈ నెల తెల్లగా ఉన్న బిళ్ళ వచ్చే నెల మరో కంపెనీది, మరో రంగులో వస్తే పెద్దవాళ్లు తికమకపడతారు. కొందరు రెండూ వేసుకుంటారు, కొందరు రెండూ మానేస్తారు. ఇచ్చే చెయ్యి ఎవరిదైనా, "రంగు మారింది గానీ మందు అదే" అని చెప్పి పంపాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆడవాళ్ల విషయం. ఒంట్లో నీరు, ఉప్పు బయటికి పంపే బిళ్ళ పొద్దున్నే వేసుకోమని రాస్తాం. కలుపు తీయడానికి వెళ్లిన చోట చాటు ఉండదు, పక్క వరుసలో మగవాళ్లుంటారు. మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని బిళ్ళ మానేస్తారు, నీళ్లు తాగడం కూడా మానేస్తారు. అడగందే ఈ మాట ఏ అమ్మా చెప్పదు. ఆ బిళ్ళ రాసే ముందు పొలానికి ఏ వేళకు వెళ్తారో, ఎప్పుడు తిరిగొస్తారో అడుగుతాను. మధ్యాహ్నం ఇంటికి చేరేవాళ్లకు అప్పుడే వేసుకోమంటాను. పొద్దుగూకే దాకా పొలంలోనే ఉండేవాళ్లకు వేరే మందు రాస్తాను.