ఊరందరికీ తెలిసిన హంతకుడు

హంతకుడెవరో ముందే చెప్పేస్తే డిటెక్టివ్ నవల చచ్చినట్టేనని నేరకథలు రాయడం నేర్చుకునే రోజుల్లో చదివిన పుస్తకాలన్నీ నాకు నూరిపోశాయి. నరసరావుపేట చుట్టుపక్కల పుట్టి పెరిగినవాడికి ఆ మాట అంత తేలిగ్గా మింగుడుపడదు. మా వైపు పల్లెలో ఒక ఖూనీ జరిగిందంటే, చేసిందెవరో, చేయించిందెవరో తెల్లారేసరికి టీకొట్టు దగ్గర చెప్పేసుకుంటారు. కత్తి ఏ చేలో పారేశారో కూడా చెప్పుకుంటారు. పోలీసు జీపు ఊళ్లోకి వచ్చాక మాత్రం అదే టీకొట్టులో ఎవరికీ ఏమీ తెలవదు.

ఇతర దేశాల్లో నేరకథలు రాసేవాళ్లు ఏటా పెట్టుకునే సభల గురించి చదువుతుంటే నాకు ఈ టీకొట్టే గుర్తొస్తుంది. అమెరికాలో బౌచర్‌కాన్ అని ఒకటి ఉంది. రచయిత, విమర్శకుడు ఆంథొనీ బౌచర్ 1968లో పోయాడు. ఆయన పేరు మీద 1970లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఈ సభ మొదలుపెట్టారు. ఏటా ఒక ఊరు మారుతుంది. 2023లో శాన్‌డియాగోలో, 2024లో నాష్‌విల్‌లో, 2025లో న్యూ ఆర్లియన్స్‌లో జరిగింది. రచయితల పక్కనే మామూలు పాఠకులూ కూర్చుంటారు, అక్కడిచ్చే ఆంథొనీ అవార్డులకు ఓట్లు వేసేదీ సభకు వచ్చిన వీళ్లంతా కలిసే. ఇంగ్లండులో హారోగేట్ అనే ఊళ్లో ప్రతి జూలైలో ఇలాంటి పండగే జరుగుతుంది. 1926 డిసెంబరులో ఇంట్లోంచి మాయమైపోయిన అగాథా క్రిస్టీ పదకొండు రోజుల తర్వాత దొరికింది ఆ పండగ జరిగే హోటల్లోనే. సభకు చోటు వెతుక్కోవడంలో కూడా వాళ్ల కథన కౌశలం కనిపిస్తుంది.

వీటి ఆర్భాటం సంగతి ఎలా ఉన్నా నాకు అసూయ కలిగేది ఒక్కదానికే. అక్కడ అడగడానికి మనిషి దొరుకుతాడు. ఫలానా విషం ఎంతసేపటికి పనిచేస్తుంది, నీళ్లలో మూడు రోజులున్న శవం ఎలా ఉంటుంది, ఇన్‌స్పెక్టరు మొదటి గంటలో ఏం చేస్తాడు లాంటి ప్రశ్నలకు ఆ పని చేసినవాళ్లే ఎదురుగా కూర్చుని జవాబు చెబుతారు. మన దేశంలోనూ 2015లో ఢిల్లీలో క్రైమ్ రచయితల పండగ జరిగింది. ఈ మధ్య డెహ్రాడూన్‌లో రిటైరైన పోలీసు అధికారులే ముందుండి ఒకటి మొదలుపెట్టారు. తెలుగులో మాత్రం ఏటేటా జరిగే అలాంటి సభ లేదు.

రాసేవాళ్లు లేకనా? వెంకట పార్వతీశ కవులు బెంగాలీ నుంచి పాంచ్‌కడీ దే డిటెక్టివ్ నవలలు తెలుగులోకి తెచ్చి వందేళ్లు దాటింది. మన తెనాలి మనిషి కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మద్రాసు రోడ్ల మీద కారేసుకుని తిరుగుతుంటే ఆంధ్రదేశమంతా వాళ్ల వెంట తిరిగింది. ఆరుద్ర అంతటివాడు సరదాపడి డిటెక్టివ్ నవలలు రాశాడు. మధుబాబు షాడో కోసం జనం క్యూలు కట్టారు. మల్లాది వెంకటకృష్ణమూర్తి ఇప్పటికీ నేరకథ మీద మక్కువ వదల్లేదు. ఇంతమంది ఉండి కూడా ఎవరి బల్ల దగ్గర వాళ్లు కూర్చుని రాసుకున్నారు. ఒకరి కిటుకు ఇంకొకరికి చేరిందంటే అది అచ్చయిన పుస్తకంలోంచి చేరిందే.

పాఠకులకు మాత్రం ఓ చిన్నపాటి సభ ఉండేది. అదే అద్దె పుస్తకాల షాపు. అట్టలు ఊడిపోయి, దారంతో కుట్టి, మూలలు నూనె పట్టిన ఆ నవలల్లో ఒక దుర్మార్గం జరిగేది. ముందు చదివినవాడెవడో లోపలి అట్ట మీద పెన్సిలుతో ‘హంతకుడు డాక్టర్’ అని రాసిపెట్టేవాడు. రబ్బరుతో చెరిపినా అక్షరాల గాడి కనిపించేది. మొదట్లో ఏడుపొచ్చేది. కానీ గమనించిందేమిటంటే, ఆ పేరు చదివాక కూడా కొన్ని పుస్తకాలను వదల్లేకపోయేవాణ్ని. డాక్టరు చంపాడని తెలుసు. నర్సుకు కూడా తెలుసని నలభయ్యో పేజీలో అర్థమైపోయేది. ఆవిడ ఎప్పుడు నోరు విప్పుతుంది? అసలు విప్పుతుందా? నన్ను చివరిదాకా లాక్కెళ్లింది ఆ ప్రశ్నే.

1930లో లండన్‌లో క్రిస్టీ, డొరొతీ సేయర్స్, చెస్టర్టన్ లాంటివాళ్లు కలిసి డిటెక్షన్ క్లబ్ పెట్టుకున్నారు. చేరేవాళ్ల చేత ఎరిక్ అని పేరు పెట్టిన ఒక పుర్రె మీద ప్రమాణం చేయించేవారు. దైవం కలలో చెప్పిందనో, కాకతాళీయంగా జరిగిందనో కథ ముడి విప్పకూడదు. ముఖ్యమైన ఆధారాన్ని పాఠకుడి దగ్గర దాచకూడదు. మంచి ప్రమాణమే, ఆ పుర్రె మీద నేనూ చెయ్యి పెడతాను. కాకపోతే అదంతా రచయితకూ పాఠకుడికీ మధ్య ఒప్పందం. సాక్షి ఊసు అందులో లేదు. డిటెక్టివ్ ముందు నిలబడినవాడు అబద్ధమైనా చెబుతాడు, నిజమైనా చెబుతాడు, మొత్తానికి ఏదో ఒకటి మాట్లాడతాడనే నమ్మకం మీద ఆ నవలలు నడుస్తాయి.

మా పెదనాన్న కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. నా మొదటి కథ చదివి, ‘ఒరే అబ్బాయ్, హంతకుణ్ని పట్టుకోడం నీకు ఆఖరి పేజీరా, మాకది మొదటి పేజీ’ అన్నాడు. తర్వాత విడమరిచి చెప్పాడు. పోలీసులు సాక్షిని విచారించి రాసుకునేది 161 స్టేట్‌మెంట్. 2024 జూలైలో కొత్త చట్టం వచ్చాక ఆ సెక్షను నంబరు 180 అయింది. దాని మీద సాక్షి సంతకం ఉండదు. అందుకే కోర్టులో బోనెక్కి, ‘నాకేం తెలవదండీ, నేనప్పుడు చేలో ఉన్నా’ అంటే ప్రాసిక్యూటరు అతన్ని హోస్టైల్‌గా ప్రకటించమని అడిగి, ఆ పాత కాగితంతో ఎదురు ప్రశ్నలు వేసుకోవాల్సిందే. ముద్దాయి చూపించిన చోట కత్తి దొరికినప్పుడు మధ్యవర్తుల చేత సంతకాలు పెట్టిస్తారు. ఆ ఇద్దరూ విచారణ నాటికి, ‘స్టేషన్లో పెట్టమంటే పెట్టామండీ, కత్తిని మేం చూళ్లేదు’ అంటే కత్తి దొరికీ దొరకనట్టే. హత్యకూ విచారణకూ మధ్య గడిచిన ఏళ్లలో ఆ ఇద్దరి ఇళ్లకూ ఎవరెవరు వచ్చి వెళ్లారన్నదే అసలు కథ. ఆ కథ మన నవలల్లో దాదాపుగా లేదు.

మా నరసరావుపేట దగ్గరి కోటప్పకొండను తీసుకుందాం. కొండ మీద కాకి వాలదంటారు. గొల్లభామ ఆనందవల్లి అభిషేకానికి మోసుకొచ్చిన నీళ్లబిందెను కాకి ఒలకబోస్తే ఆవిడ శపించిందని స్థలపురాణం. చిన్నప్పుడు మెట్లెక్కుతూ మేం కాకుల కోసమే వెతికేవాళ్లం. లేనిదాన్ని చూడటం నాకు అక్కడే అలవాటైంది. షెర్లాక్ హోమ్స్ కథ ‘సిల్వర్ బ్లేజ్’లో రాత్రి కుక్క మొరగలేదన్నదే పెద్ద ఆధారం. వచ్చినవాడు దానికి తెలిసినవాడు కాబట్టి మొరగలేదు. హోమ్స్ కుక్క మౌనాన్ని చదివాడు. పల్నాటి డిటెక్టివ్ మనుషుల మౌనాన్ని చదవాలి.

శివరాత్రి తిరునాళ్లలో ఒక హత్య జరిగిందనుకోండి. కావూరు నుంచీ పురుషోత్తమపట్నం నుంచీ ఇంకా ఎన్నో ఊళ్ల నుంచీ వచ్చిన ప్రభలు 80, 90 అడుగుల ఎత్తున బల్బులు మెరిపిస్తూ కొండ కింద నిలబడి ఉన్నాయి. జనరేటర్ల రొద, మైకుల్లో పాటలు, లక్షల జనం. ఒక ప్రభ వెనక తాళ్ల దగ్గర ఒకడు కూలిపోయాడు. ఇంగ్లీషు నవలల్లో తలుపులేసి ఉన్న గదిలో హత్య జరుగుతుంది, లోపలికి ఎవరూ వచ్చే దారి ఉండదు. ఇక్కడ తలుపే లేదు, చూడనివాడూ లేడు. అయినా చూశానన్నవాడు దొరకడు. ఒకడు కౌలు పోతుందని చెప్పడు. ఇంకొకడు కూతురి సంబంధం చెడిపోతుందని చెప్పడు. మరొకడికి చచ్చినవాడి మీద తనకే లోపల కక్ష ఉంది, ఆ సంగతి బయటపడుతుందని చెప్పడు. ప్రభ కట్టిన కుర్రాడు వచ్చే ఏడు మా ఊరి ప్రభను రానివ్వరేమోనని చెప్పడు. నాలుగు మౌనాలు, నాలుగు కారణాలు. ఏ మౌనం ఏ కారణానిదో తేల్చడమే పరిశోధన. పాఠకుడికి ఆధారాలన్నీ ముందే ఇవ్వొచ్చు, డిటెక్షన్ క్లబ్ ప్రమాణానికి భంగం రాదు.

ఈ దారి నేను కనిపెట్టింది కాదు. 1909 నాటి రెండో కూర్పు కన్యాశుల్కం తీసి చూడండి. లుబ్ధావధాన్లు మీద పడింది ఖూనీ కేసు. శవం లేదు, ఎందుకంటే చచ్చిన మనిషే లేదు. పెళ్లికూతురు ఆడపిల్ల వేషంలో ఉన్న మగపిల్లాడు. అయినా కేసు నడుస్తుంది, డబ్బు చేతులు మారుతుంది. మారువేషం వేసుకుని వెళ్లి ఆ ముడి విప్పించేది మధురవాణి. మన సాహిత్యంలో ఆవిణ్ని మించిన డిటెక్టివ్ నాకింకా తగల్లేదు. వృత్తిరీత్యా వకీలైన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో కోర్టుల్లో సాక్ష్యాలు ఎలా తయారవుతాయో, నిజం ఏ రేటుకు అమ్ముడుపోతుందో చూపించాడు. వీటిని మనం గొప్ప సాహిత్యం అనే అరలో పెట్టి, డిటెక్టివ్ నవలల్ని కాలక్షేపం అరలో పడేశాం. రెండు అరల మధ్యా గోడ కట్టడంతో నష్టపోయింది నేరకథే.

అందుకే తెలుగు నేరకథా రచయితల సభంటూ జరిగితే కోటప్పకొండ కింద జరగాలంటాను. తిరునాళ్ల జనం వెళ్లిపోయాక సత్రాల్లో చోటుకు కొదవుండదు. అవార్డులు, శాలువాలు తర్వాత చూసుకోవచ్చు. మధ్యవర్తిగా సంతకాలు పెట్టీ పెట్టీ అలిసిపోయిన వి.ఆర్.ఓ.ను పిలవాలి. పోస్టుమార్టం గదిలో పనిచేసిన మనిషిని, అడ్డు సవాళ్లలో తలపండిన వకీలును, మా పెదనాన్నలాంటి క్లర్కుల్ని పిలవాలి. వాళ్లు చెబుతుంటే యుగంధర్ వారసులంతా కింద కూర్చుని రాసుకోవాలి.

ఒక్క షరతు మాత్రం ముందే పెట్టుకోవాలి. అక్కడ విన్న కేసుల్లో పేర్లు మారిస్తే సరిపోదు. ఊరు మార్చాలి, చేను మార్చాలి, వరసలు మార్చాలి, అవసరమైతే ఆడమనిషిని మగమనిషిని చెయ్యాలి. మన నవల మన ఊళ్లో కూడా చదువుతారు. సాక్షి ఇంకా ఆ వీధిలోనే కాపురం ఉంటున్నాడు.