‘ఎకో బీచ్’ దగ్గరే ఆగిపోకండి

1977లో టొరంటోలో పంక్ హోరు. కొత్త బృందాలు భయపెట్టే పేర్లు పెట్టుకుంటున్న రోజులవి. అంటారియో కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుతున్న డేవిడ్ మిల్లర్, మార్క్ గేన్ మాత్రం తమ బృందానికి మెత్తటి పేరు పెట్టారు: మార్తా అండ్ ది మఫిన్స్. ప్రస్తుతానికి చాల్లే అనుకున్న ఆ పేరే స్థిరపడిపోయింది. గాయని మార్తా జాన్సన్. తర్వాత మార్తా లాడ్లీ కూడా చేరడంతో కీబోర్డుల దగ్గర ఇద్దరు మార్తాలయ్యారు.

పంక్‌లోని వేగాన్ని, క్లుప్తతను తీసుకుని కేకలను వదిలేసింది న్యూ వేవ్. అలా వదిలేశాక పాటలో ఏం మిగులుతుందో తెలియాలంటే ఈ బృందం 1980 నాటి పాట ‘ఎకో బీచ్’ వినాలి. ముందు గిటార్ వస్తుంది. స్వరాలన్నీ విడివిడిగా, చెక్కినట్టు వినిపిస్తాయి. వెనకే బేస్, డ్రమ్స్, ఆర్గన్ అందుకుంటాయి. మధ్యలో ఆండీ హాస్ శాక్సొఫోన్ ఒక్కసారిగా గొంతు విప్పుతుంది. మార్తా జాన్సన్ మాత్రం ఎక్కడా గొంతు పెంచదు. ఆఫీసు గుమాస్తా తన విసుగును, సముద్రతీరం మీది బెంగను చెప్పుకునే పాట ఇది. ఆమె ఏడ్చి పాడి ఉంటే రెండోసారి వినబుద్ధేసేది కాదు. ఆ తొణకని గొంతు వల్లే బెంగ మనదాకా వస్తుంది.

పాట రాసింది మార్క్ గేన్. గోడలకు అంటించే కాగితాలు అచ్చువేసే ఫ్యాక్టరీలో, అచ్చులో లోపాలేమైనా ఉన్నాయేమో చూసే పనిలో ఉండగా పుట్టిన ఊహ ఇది. మనసులో మెదిలింది అంటారియో సరస్సు ఒడ్డున ఉన్న సన్నీసైడ్. ఎకో బీచ్ అన్న తీరం మాత్రం కల్పితమే. ఇంగ్లండ్‌లో మైక్ హౌలెట్ నిర్మాణంలో తయారైన ‘మెట్రో మ్యూజిక్’ ఆల్బమ్‌లోని ఈ పాట బ్రిటన్‌లో 10వ స్థానానికి చేరింది, కెనడాలో జూనో అవార్డు తెచ్చింది. ఆల్బమ్ అట్ట మీద పీటర్ సావిల్ వేసింది టొరంటో పటం. ఈ బృందానికి అంతకన్నా తగిన బొమ్మ ఉండదు. వీళ్ల పాటలకు ముడిసరుకు నగరమే.

అయినా, నా దృష్టిలో వీళ్ల అసలు శిఖరం 1981 నాటి ‘దిస్ ఈజ్ ది ఐస్ ఏజ్’. అప్పటికి లాడ్లీ వెళ్లిపోయింది. బేస్ వాయించడానికి జోసెలిన్ లాన్వా వచ్చింది. ఆమె అన్న డేనియల్ లాన్వా హామిల్టన్‌లో స్టూడియో నడిపేవాడు. ఆల్బమ్ నిర్మాణంలో అతనూ చేయి కలిపాడు. అతను యూ2 బృందంతో పనిచేసి ప్రపంచమంతటా పేరు తెచ్చుకోవడానికి ఇంకా మూడేళ్లుంది. ఈ ఆల్బమ్‌లో వాయిద్యాలు ఒకదాన్నొకటి తోసుకోవు. శబ్దాల మధ్య ఖాళీకి కూడా చోటిచ్చారు. ‘ఎకో బీచ్’ లాంటిదే ఇంకొకటి చేసి అమ్ముకోకుండా ఇంత మెలకువగా పనిచేసినందుకే ఈ బృందం మీద నాకు గౌరవం.

తర్వాత బృందం పలచబడింది. మార్తా జాన్సన్, మార్క్ గేన్ ‘ఎం ప్లస్ ఎం’ పేరుతో కొనసాగారు. 1984లో వచ్చిన ‘బ్లాక్ స్టేషన్స్/వైట్ స్టేషన్స్’ అమెరికా రేడియోలో గాయకుల చర్మవర్ణం చూసి పాటలను వేరుచేసే పద్ధతిని నిలదీసింది. ఆ మాటను డాన్స్ పాటలో పెట్టి చెప్పడం వీళ్ల తెగువ. అదే అమెరికాలో బిల్‌బోర్డ్ డాన్స్ చార్టులో ఆ పాట 2వ స్థానం దాకా వెళ్లింది.

మార్తా జాన్సన్‌కు ఆ తర్వాతి కాలంలో పార్కిన్సన్స్ వ్యాధి వచ్చింది. అయినా ఆమె పాట మానలేదు. మళ్లీ పాత పేరుతోనే 2010లో ‘డెలికేట్’ ఆల్బమ్ వెలువడింది.