నలుపులోనూ వెండే

వెండి పూత వేసిన ట్రంపెట్ నల్లబడితే, దాని మీద ఏదో మురికి పేరుకుందని అనుకుంటాం. నిజానికి ఆ నలుపు వెండి సల్ఫైడు. గాలిలోని గంధక వాయువులు తేమ తోడుగా పూతను తాకినప్పుడు పై వెండి ఆ రూపంలోకి మారుతుంది. దాని బరువులో దాదాపు 87 శాతం వెండే. అంటే నలుపును రుద్ది తీసినప్పుడల్లా వాయిద్యం కొంత వెండిని పోగొట్టుకుంటుంది. పూత మందమా, కొద్ది మైక్రాన్లు మాత్రమే. ట్రంపెట్‌ను శుభ్రం చేసేవాడి పనితనమంతా ఎంత తక్కువ వెండిని గుడ్డకు అప్పజెప్పాడన్న దానిలోనే ఉంది.

ఆ పూత ఎలా నిలబడుతుందో తెలిస్తే దాన్ని ఎక్కడ ఎలా తాకాలో తెలుస్తుంది. బర్మింగ్‌హామ్‌లో వరుసకు సోదరులైన ఎల్కింగ్టన్‌లు 1840లో పేటెంటు పొందిన విద్యుత్ పూత పద్ధతే ఇప్పటికీ దీనికి మూలం. సయనైడు కలిసిన వెండి ద్రావణంలో ఇత్తడి గొట్టాన్ని వేలాడదీసి కరెంటు పంపుతారు. అయితే ఇత్తడిని నేరుగా చిక్కటి వెండి ద్రావణంలో ముంచితే కరెంటు పని మొదలుకాకముందే వెండి దానంతట అదే వదులుగా అంటుకుంటుంది. అలా అంటిన పొర తర్వాత పెచ్చులుగా లేచిపోతుంది. అందుకని ముందుగా వెండి చాలా తక్కువగా ఉన్న ద్రావణంలో పలుచటి తొలి పూత వేసి, దాని మీద అసలు పూత ఎక్కిస్తారు. ఇంత తెలివైన పనిలోనూ ఒక అసమానత మిగులుతుంది. కరెంటు అంచుల దగ్గర దట్టంగా, లోతట్టు సందుల్లో బలహీనంగా పారుతుంది కాబట్టి పూత కూడా అలాగే పడుతుంది. పక్కపక్కన ఉండే రెండు గొట్టాల మధ్య సందు, గొట్టాలను కలిపే ఆనుకమ్మీలు అతికిన మూల, ఇలాంటి చోట్ల వెండి పలుచన. గొట్టాల లోపలి వైపు సాధారణంగా వట్టి ఇత్తడే.

నలుపు ఒక్కసారిగా రాదు. మొదట లేత పసుపు, తర్వాత గోధుమ రంగు, ఒక్కోచోట ఊదా, నీలం జాడలు, చివరికి నలుపు. పొర మందం పెరిగే కొద్దీ దాని పైనుంచి, కిందినుంచి తిరిగివచ్చే కాంతి కలిసే తీరు మారుతుంది. ఆ రంగుల రహస్యం అదే. అనుభవమున్న మనిషి ట్రంపెట్‌ను కిటికీ వెలుగులో తిప్పి చూసి, ఏ చోట పొర ఎంత మందమో రంగును బట్టే చెబుతాడు. పసుపు దశలో మెత్తటి పొడిగుడ్డ చాలు. నలుపు దాకా ఆగితే పాలిష్ తప్పదు.

పాలిష్ కంటే ముందు కడగాలి. దుమ్ములోని ఇసుక రేణువులు గుడ్డ కింద పడితే వెండి మీద గీతలు గీస్తాయి. మౌత్‌పీస్ తీసి, స్లైడులు లాగి, వాల్వుల అడుగు మూతలు విప్పి, పిస్టన్లను వాటి మీద చెక్కిన 1, 2, 3 అంకెల వరుసలో పక్కన పెట్టాలి. పిస్టన్లపై ఉండే ఫెల్ట్ బిళ్ళలు తడవకూడదు. మిగిలిన గొట్టాన్ని గోరువెచ్చటి నీళ్ళలో, గాఢత లేని సబ్బుతో కడిగి, లోపల పొడవాటి వంగే బ్రష్షు నడపాలి. కుంకుడు రసం కూడా ఈ పనికి బాగుంటుంది, నలుసు లేకుండా వడకట్టాలి. చింతపండు మాత్రం వద్దు. ఇత్తడి బిందెను తళతళలాడించే ఆ పులుపు రాగి ఆక్సైడును కరిగిస్తుంది కానీ వెండి సల్ఫైడును కదిలించలేదు. పైగా పూత అరిగిన చోట ఇత్తడిని కొరుకుతుంది.

అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ళ పద్ధతి చాలామందికి తెలుసు. రేకును వెండి తాకుతుండగా గంధకం వెండిని వదిలి అల్యూమినియం వైపు పోతుంది, వెండి ఉన్నచోటే ఉంటుంది. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే చర్య నడుస్తోందని గుర్తు. వెండిని పోగొట్టని పద్ధతి కాబట్టి మనసుకు నచ్చుతుంది. నేనైతే దీన్ని అతుకులు లేని మౌత్‌పీస్‌కే వాడమంటాను. మొత్తం వాయిద్యాన్ని ముంచితే వేడి ద్రావణం అతుకుల సందుల్లో నిలుస్తుంది, ఉమ్మి నీరు వదిలే మీట కింది బెండుబిళ్ళ పాడవుతుంది. తిరిగి వచ్చిన వెండి కూడా మెరవకుండా పాలిపోయి ఉంటుంది, ఎలాగూ తేలిగ్గా రుద్దాల్సిందే.

గొట్టాలకు మెత్తటి సుద్ద కలిసిన వెండి పాలిషే తగినది. కొద్దిగా నూలుగుడ్డకు తీసుకుని గొట్టం పొడవునా, ఒకే దిశలో, వేళ్ళ బరువు మాత్రమే మోపి నడపాలి. గుడ్డ నల్లబడగానే శుభ్రమైన మడతకు మారాలి. గుడ్డపేలికను గొట్టం చుట్టూ తిప్పి రెండు చేతులతో అటూ ఇటూ లాగే అలవాటు కొందరికి ఉంది. పని త్వరగా అవుతుంది, కానీ ఒరిపిడంతా ఎత్తుగా ఉన్న చోటే పడి ఇత్తడి బయటపడుతుంది. బెల్ అంచు, చెక్కిన అక్షరాలు, చిటికెనవేలి కొక్కెం మీద చేయి ఇంకా తేలిగ్గా ఆడాలి. పాలిష్ వాల్వుల లోపలికి ఏమాత్రం పోకూడదు. పిస్టనుకూ దాని గొట్టానికీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో వందోవంతుల లెక్కన ఉంటుంది. అక్కడ సుద్ద చేరితే రెండూ అరిగిపోయి గాలి కారుతుంది. అన్నీ ఆరాక స్లైడులకు గ్రీజు రాసి, పిస్టన్లకు నూనె వేసి, దేని గదిలోకి దాన్ని దించాలి.

నలుపును రానివ్వకపోవడం ఇంతకంటే సూక్ష్మమైన పని. వాయించిన వెంటనే చెమట తుడవాలి. దానిలోని ఉప్పు, తేమ పూతను దెబ్బతీస్తాయి. చేతికి పట్టుగా వాల్వులకు చుట్టే తోలు తొడుగు చెమటను లోపలే పట్టి ఉంచుతుంది, దాన్ని తరచూ విప్పి ఆరబెట్టాలి. పెట్టెలో రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ, తడిసిన గుడ్డ ఉంచకూడదు. మొదటి రెండూ గంధకానికి నిలయాలు, మూడోది తేమకు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్ళలో సిలికా జెల్ పొట్లం పెట్టి, దాన్ని అప్పుడప్పుడూ మార్చడం అవసరం. సన్నటి వెండి రేణువులు నేసిన గుడ్డ ఒకటి దొరుకుతుంది. అది వాయిద్యం కంటే ముందు తానే గంధకాన్ని పట్టుకుంటుంది. వెండిని కాపాడటానికి మరో వెండినే కాపలా పెట్టిన ఆ ఆలోచన నాకు మరీ ముచ్చటగా అనిపిస్తుంది.

ఇన్ని చేసినా ఎడమ అరచేయి ఆనే చోట ఏళ్ళ తరబడి వాయించిన ట్రంపెట్‌కు ఇత్తడి బయటపడుతుంది. ఏ పాలిషూ దాన్ని తిరిగి కప్పలేదు. మళ్ళీ పూత వేయించాలంటే పాత వెండిని ఊడదీసి, కింది ఇత్తడిని అద్దంలా నునుపు చేయాలి. పూత ఏ గీతనూ దాచదు మరి. బెల్ రేకు మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ. ఆ నునుపు పనిలో అది ఇంకా పలుచబడుతుంది, దానితో నాదమూ మారవచ్చు. అందుకే బాగా పలికే వాయిద్యమైతే, ఆ చిన్న పసుపు మచ్చను తుడిచి పొడిగా ఉంచుకుని అలాగే వాయించుకోమంటాను.